తల్లి తర్వాత తల్లి: హజ్రత్ ఉమ్మె ఐమన్ (ర.అన్హా)

మా మైదుకూరులోనూ, కడప జిల్లాలోని మరెన్నో ఊళ్ళలోనూ ఇంటిపనికి కువైట్ వెళ్ళిన తల్లులు ఉన్నారు. అక్కడ వారు ఇతరుల బిడ్డలను ఎత్తుకొని లాలిస్తుంటే, ఇక్కడ వారి బిడ్డలు నానీ దగ్గరో దాదీమా దగ్గరో పెరుగుతుంటారు. కొన్నేళ్ళకు తల్లి తిరిగి వచ్చి చేతులు చాపితే, బిడ్డ నానీ కొంగు చాటుకు పోతాడు. తల్లి గుండె తల్లడిల్లుతుంది. నానీయే బిడ్డను మార్చేసిందన్న మాట కూడా కొన్ని ఇళ్ళల్లో వస్తుంది. అలా అనుకునే ముందు మనం ఒక మహనీయురాలి జీవితాన్ని తెలుసుకోవాలి.

ఆమె అసలు పేరు బరకహ్. హబషా దేశస్థురాలు. మహాప్రవక్త ముహమ్మద్ (స) తండ్రి హజ్రత్ అబ్దుల్లాహ్ ఇంట బానిసగా ఉండేవారు. ప్రవక్త (స) పుట్టకముందే తండ్రి మరణించారు. పసితనంలో కొంతకాలం హజ్రత్ హలీమా సాదియా వద్ద పెరిగి, తిరిగి తల్లి ఒడికి చేరారు. ఆరేళ్ళ వయసులో తల్లి హజ్రత్ ఆమినా ఆయన్ను యస్రిబ్‌కు, అంటే నేటి మదీనాకు తీసుకువెళ్ళారు. బరకహ్ కూడా వెంట ఉన్నారు. తిరుగు ప్రయాణంలో అబ్వా అనే చోట ఆమినా కన్నుమూశారు. తల్లిని కోల్పోయిన ఆ పసివాణ్ణి మక్కాకు చేర్చి, తాతగారి చేతుల్లో పెట్టినది బరకహ్. రెండేళ్ళకు తాత అబ్దుల్ ముత్తలిబ్ కూడా పోయారు. తర్వాత పెదతండ్రి అబూ తాలిబ్ ఇల్లు. ఇళ్ళు మారాయి, సాకిన చేయి మారలేదు.

హజ్రత్ ఖదీజా (ర.అన్హా)తో వివాహమైనప్పుడు ప్రవక్త (స) బరకహ్‌కు బానిసత్వం నుండి విముక్తి ప్రసాదించారు. ఆమెకు పెళ్ళయి ఐమన్ అనే కుమారుడు కలగడంతో ఉమ్మె ఐమన్ అయ్యారు. తర్వాత హజ్రత్ జైద్ బిన్ హారిసా (ర)ను వివాహమాడి ఉసామా (ర)కు తల్లి అయ్యారు. ఉహుద్ యుద్ధంలో క్షతగాత్రులకు నీళ్ళు అందించారు. హిజ్రీ 8లో భర్త జైద్ మూతా యుద్ధంలోనూ, కుమారుడు ఐమన్ హునైన్‌లోనూ షహీద్ అయ్యారు.

ప్రవక్త (స) ఆమెను తన తల్లి తర్వాత తల్లిగా భావించేవారు. ఆమె ఇంటికి వెళ్ళి పలకరించేవారు. ఒకసారి ఆమె ఇచ్చిన పానీయం ఆయన తీసుకోకపోతే, కన్నతల్లిలాగే మందలించారు. మదీనాలో ఒక అన్సారీ కుటుంబం ఇచ్చిన ఖర్జూరపు చెట్లను ప్రవక్త (స) ఆమెకు ఇచ్చారు. తర్వాత వాటిని ఆ కుటుంబానికి తిరిగి ఇవ్వవలసి వచ్చినప్పుడు ఆమె ససేమిరా అన్నారు. అడగవచ్చిన హజ్రత్ అనస్ (ర) మెడలో గుడ్డ వేసి పట్టుకున్నారు. ప్రవక్త (స) కోపగించుకోలేదు. బదులుగా ఇచ్చేదాన్ని పెంచుతూ పోయి, దాదాపు పది రెట్లకు ఆమెను ఒప్పించారు. ఆయన పరమపదించిన తర్వాత హజ్రత్ అబూబకర్, హజ్రత్ ఉమర్ (ర) కూడా ఆమెను చూడడానికి వెళ్ళేవారు.

సోదరీమణులారా! ఆమినా గారి స్థానం ఆమినా గారిదే. ఉమ్మె ఐమన్ గారిపై ప్రేమ ఆ స్థానాన్ని ఏమాత్రం తగ్గించలేదు. కనుక రాత్రిళ్ళు ఏడ్చినప్పుడు ఎత్తుకున్న వారినే బిడ్డ అంటిపెట్టుకుంటే, అది కన్నతల్లిపై ద్వేషం కాదు. తిరిగి వచ్చిన తల్లి ఓర్పు వహించాలి. నానీ దగ్గరి నుండి బిడ్డను ఒక్కసారిగా లాగేయకుండా, ఇద్దరి మధ్యా కూర్చోబెట్టి మెల్లగా దగ్గర చేసుకోవాలి. నానీ కూడా బిడ్డ ముందు ప్రతిరోజూ తల్లి పేరు ప్రేమగా తలచుకోవాలి. పెరిగి పెద్దయిన బిడ్డలేమో సాకిన చేతిని మరచిపోరాదు. ఆమె గడప తొక్కి పలకరించడం మన ప్రవక్త (స) సున్నత్.

అల్లాహ్ మన బిడ్డలకూ, వారిని కన్నవారికీ, పెంచినవారికీ ఇహపరాల సాఫల్యం ప్రసాదించుగాక! ఆమీన్.