పెంకుల గోపురాలు – సైమన్ రోడియా

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరపు దక్షిణ భాగంలో వాట్స్ అనే కార్మికుల పేట ఉంది. అక్కడ రైలుమార్గం పక్కన, త్రికోణాకారంలో ఉన్న ఒక చిన్న స్థలంలో ఎత్తైన గోపురాలు నిలిచి ఉన్నాయి. పగిలిన సీసాలు, విరిగిన పింగాణీ పాత్రలు, పాత ఇనుప కడ్డీలు, సముద్రపు గవ్వలు వాటికి సామగ్రి. జనం పనికిరావని పారవేసిన వస్తువులతో వాటిని ఒంటిచేతితో నిర్మించినవాడు సైమన్ రోడియా అనే కూలీ.

రోడియా 1879లో ఇటలీలోని రిబొత్తోలి అనే పల్లెలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సబాతో. సుమారు 15 ఏళ్ల ప్రాయంలో అన్నతోపాటు బతుకుతెరువు కోసం అమెరికాకు వలస వెళ్ళాడు. పెన్సిల్వేనియాలోని బొగ్గు గనిలో జరిగిన ప్రమాదం ఆ అన్నను బలిగొన్నది. తరువాత రోడియా పశ్చిమ తీరానికి చేరి, కట్టడపు పనులలోనూ టైల్సు అతికే పనిలోనూ పొట్టపోసుకున్నాడు. వివాహం చేసుకున్నాడు గాని ఆ సంసారం నిలువలేదు. చదువు అంతంతమాత్రమే.

1921లో, 42 ఏళ్ల వయసులో, అతడు వాట్స్‌లో ఆ స్థలం కొన్నాడు. పగలంతా కూలిపని, సాయంకాలాలూ సెలవు దినాలూ గోపురాల పని. గీసుకున్న పటం లేదు, పరంజా లేదు, వెల్డింగ్ లేదు, సహాయకుడూ లేడు. కడ్డీని రైలుపట్టా సందున దూర్చి, తన బరువంతా మోపి వంచేవాడు. వంచిన కడ్డీలను ఒకదానిపై ఒకటి ఆనించి తీగతో బిగించి, ఇనుప జాలీ చుట్టి, దానిపై సిమెంటు మాలు అదిమేవాడు. అది ఆరకముందే గాజు, పింగాణీ పెంకులను అందులో గుచ్చేవాడు. ఐదడుగుల ఎత్తైనా లేని ఆ మనిషి, కిటికీలు తుడిచేవారు నడుముకు కట్టుకొనే పటకా తగిలించుకొని, బకెట్టు చేతబట్టి, తాను కట్టిన వలయాలనే మెట్లుగా చేసుకొని పైకి ఎక్కేవాడు. వీధి పిల్లలు రంగురంగుల సీసా ముక్కలు ఏరి తెచ్చి ఇచ్చేవారు. పర్యావరణ హిత నిర్మాణం అనే మాట అప్పటికి ప్రచారంలో లేదు. చవకగా దొరికినదే అతడి ముడిసరుకు.

ఈ విధంగా 33 ఏళ్లలో 17 కట్టడాలు లేచాయి. వాటిలో అన్నింటికన్నా ఎత్తైన గోపురం 99 అడుగులు దాటింది. ఈ నిర్మాణానికి అతడు పెట్టుకొన్న పేరు నుయెస్ట్రో ప్యూబ్లో. స్పానిష్ భాషలో దీనికి మన ఊరు అని అర్థం. ఆ ఊరివారందరూ అతణ్ణి ఆదరించారని చెప్పలేము. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ గోపురాలు శత్రువులకు సంకేతాలు పంపే సాధనాలని వదంతి పుట్టింది. 1955లో రోడియా ఆ స్థలాన్ని పొరుగువాడికి ఉచితంగా ఇచ్చివేసి, మార్టినెజ్ పట్టణానికి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది అతడి ఇల్లు కాలిపోయింది.

గోపురాలు ప్రమాదకరమైనవని, వాటిని కూల్చివేయాలని 1957లో నగర అధికారులు ఉత్తర్వు జారీ చేశారు. పటాలూ లెక్కలూ లేని కట్టడం గాలివానకు నిలుస్తుందని ఎవరు హామీ ఇవ్వగలరు? అధికారుల సందేహం అకారణమైనది కాదు. 1959లో విలియం కార్ట్‌రైట్, నికొలస్ కింగ్ అనే ఇద్దరు యువకులు ఆ స్థలాన్ని 3,000 డాలర్లకు కొని, ఉత్తర్వును ఎదిరించారు. బడ్ గోల్డ్‌స్టోన్ అనే విమాన నిర్మాణ ఇంజనీరు ఒక పరీక్షను సూచించాడు. పెనుగాలి తాకిడికి సమానమైన బలంతో గోపురాన్ని లాగాలి. అది కూలితే వాదమే అక్కరలేదు.

1959 అక్టోబరు 10న జనసమూహం ఎదుట ఎత్తైన గోపురాన్ని ఇనుప తాళ్లతో బంధించి, క్రమక్రమంగా 10,000 పౌండ్ల బలం ప్రయోగించారు. లాగుతున్న పరికరపు దూలమే వంగసాగింది. గోపురం చెక్కుచెదరలేదు. కడ్డీ, జాలీ, సిమెంటు ఒకే దేహమై, వలయాలతో కాళ్లన్నీ ఒకదానినొకటి పట్టుకొని ఉండడమే ఆ బలానికి కారణం. కూల్చివేత ఆగిపోయింది.

రోడియా వాట్స్‌లో నివసించడానికి మళ్ళీ రాలేదు. 1965 జూలైలో మార్టినెజ్‌లో మరణించాడు. నెల తిరగకముందే వాట్స్‌లో పెద్ద అల్లర్లు చెలరేగి 34 మంది ప్రాణాలు కోల్పోయారు. అనేక భవనాలు దగ్ధమయ్యాయి. గోపురాలకు మాత్రం ఎవరూ హాని తలపెట్టలేదు. 1990లో వాటికి జాతీయ చారిత్రక చిహ్నమనే గుర్తింపు లభించింది. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బినప్పుడు సిమెంటు పగుళ్లు విచ్చుతుంది, పెంకులు ఊడుతాయి. సంరక్షకులు పగుళ్లు పూడ్చి, ఊడిన పెంకులను తిరిగి అతికిస్తూ వచ్చారు.