రేడియో మాటకు మర్యాద నేర్పిన బుఖారీ

పుస్తకం రాసినవాడు పోయినా పుస్తకం మిగులుతుంది. భవనం కట్టించినవాడి పేరు రాతిపలక మీద నిలుస్తుంది. మరి గాలిలో మాట్లాడి వెళ్లిపోయిన మనిషికి ఏం మిగులుతుంది? జుల్ఫిఖార్ అలీ బుఖారీ జీవితాన్ని తలచుకున్నప్పుడల్లా మాకు ఈ ప్రశ్నే ఎదురవుతుంది.

ఆయన 1904లో పెషావర్‌లో జన్మించారు. అన్నగారు అహ్మద్ షా బుఖారీ. ‘పత్రస్’ అనే కలం పేరుతో ఉర్దూ హాస్యరచనలో చిరస్థాయిగా నిలిచినవారు ఆయనే. తమ్ముడికి మొదటి నుంచీ నాటకమన్నా, కవిత్వ పఠనమన్నా ప్రాణం. సిమ్లాలో ఇంగ్లీషు సైనికాధికారుల ఉర్దూ చదువుకు సంబంధించిన ఉద్యోగం చేస్తూనే ఆయన రంగస్థలాన్ని వదల్లేదు. పరాయివారికి ఒక్కొక్క అక్షరం పలికించిన ఆ అనుభవమే తర్వాత ఆయనకు పెట్టుబడి అయిందని మేము భావిస్తాం.

1936 జనవరి 1న ఢిల్లీ రేడియో కేంద్రం ప్రారంభమైంది. అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వ ప్రసార సంస్థకు ఆల్ ఇండియా రేడియో అన్న పేరు వచ్చింది. బి.బి.సి. నుంచి వచ్చి ఆ సంస్థను నడిపిన లయొనెల్ ఫీల్డెన్ బుఖారీ సోదరులిద్దరినీ రేడియోలోకి తీసుకున్నారు. నాటకాలు, ముషాయిరాలు, సంగీతం, ప్రసంగాలు ఇంటింటికీ చేరసాగాయి. అన్నదమ్ములిద్దరూ పెద్ద పదవుల్లో ఉండటం కొందరికి కంటగింపయింది. బి.బి.సి. అంటే బుఖారీ బ్రదర్స్ కార్పొరేషన్ అని ఎద్దేవా చేశారు. రేడియోలో వినిపించే హిందుస్తానీ అసలు ఉర్దూయేనని హిందీ అభిమానులు అభ్యంతరం చెప్పారు. ఒక భాష రెండుగా చీలుతున్న రోజులవి. ఆ చీలిక మధ్యలో నిలబడి మాట్లాడవలసి రావడం చిన్న పరీక్ష కాదు.

అంతకంటే పెద్ద పరీక్ష లండన్‌లో ఎదురైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన బి.బి.సి. భారతీయ విభాగం కార్యక్రమాల బాధ్యత చేపట్టారు. ప్రఖ్యాత రచయిత జార్జ్ ఆర్వెల్ 1941లో అక్కడ చేరినప్పుడు ఆయనపై అధికారి మన బుఖారీయే. ఆర్వెల్ రాసిన వారపు యుద్ధ సమీక్షలను తొలి రోజుల్లో మైకు ముందు చదివింది కూడా ఆయనే. టి.ఎస్. ఎలియట్, ఇ.ఎం. ఫార్‌స్టర్, ముల్క్‌రాజ్ ఆనంద్ వంటి సాహితీవేత్తలు ఆ విభాగం నుంచి భారతీయ శ్రోతలతో మాట్లాడారు. కానీ 1942 ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపుతో ఇక్కడి నాయకులు జైళ్లలో ఉన్నారు. వారిని నిర్బంధించిన ప్రభుత్వం తరఫు గొంతును స్వదేశీయులు నమ్మేదెలా? ఫాసిజాన్ని ఎదిరించడం ధర్మమే, స్వరాజ్యం కోరడమూ ధర్మమే. ఆ రెండింటి మధ్య ఆ ఉద్యోగం కత్తిమీద సాము. ఆయన తన కాలపు సంకటాల నుంచి తప్పించుకున్న మనిషి కాదు. ఈ సంగతి దాచి ఆయన్ను పొగడటం మాకు ఇష్టం లేదు.

1947లో దేశం రెండయింది. ఆల్ ఇండియా రేడియోకు ఉన్న 9 కేంద్రాల్లో 6 భారతదేశంలో ఉండిపోయాయి. లాహోర్, పెషావర్, ఢాకా పాకిస్తాన్‌కు దక్కాయి. విచిత్రమేమిటంటే కొత్త రాజధాని కరాచీలో ఒక్క కేంద్రమూ లేదు! రేడియో పాకిస్తాన్ సారథ్యం స్వీకరించిన బుఖారీ దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. 1948 ఆగస్టు 14న కరాచీ కేంద్రం మాట్లాడింది. ఢిల్లీలో, బొంబాయిలో కలిసి పనిచేసిన సహచరులు ఇప్పుడు సరిహద్దుకు అవతలి వారయ్యారు.

ఉచ్చారణ విషయంలో ఆయన మహా కఠినుడు. ఒక్క అక్షరం తప్పు పలికినా సహించేవారు కారు. చాలామంది ఆయనకు భయపడ్డారు, నొచ్చుకున్నారు కూడా. అయితే ఆ నిప్పులో కాలినవారే తర్వాత మేలైన గొంతులయ్యారు. ముహర్రం రోజుల్లో మీర్ అనీస్ మర్సియాలను రాగం లేకుండా, కేవలం పలుకుబడితో ఆయన చదువుతుంటే కర్బలా కళ్లముందు నిలిచేదని విన్నవారు చెప్పుకునేవారు.

అన్నగారు పత్రస్ 1958లో న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితి సేవలో ఉండగానే కన్నుమూశారు. తమ్ముడి రేడియో సారథ్యం 1959లో ముగిసింది. తర్వాత ఆయన తన జీవితకథను ‘సర్‌గుజష్త్’ పేరుతో రాసుకున్నారు. 1975 జూలైలో కరాచీలో తుదిశ్వాస విడిచారు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. గాలిలో మాట గాలిలోనే పోతుంది, నిజమే. కానీ మాటను అమానతుగా, అంటే మనకు అప్పగించిన సొత్తుగా భావించి, లక్షలమంది వింటున్నారన్న భయంతో పలికే అలవాటు ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. బుఖారీ మిగిల్చి వెళ్లిన ఆస్తి అదే. ఈ రోజు ప్రతి చేతిలోనూ ఒక మైకు ఉంది. ఆ భయం మనలో ఎంత ఉందో ఎవరికి వారు తరచి చూసుకోవాలి.