పేరు నిలిపిన కుంచె

ఇంటిపేర్లలో పెక్కు ఊరిపేర్ల నుండి పుట్టినవే. ఈ సంప్రదాయం తెలుగునాట ఉన్నట్లే ఫ్రాన్సు దేశంలోనూ ఉంది. దక్షిణ ఫ్రాన్సు ప్రజల ప్రాచీన భాష ఆక్సితాన్. ఆ భాషాసీమలోని లోత్రెక్ అనే చిన్న గ్రామం ఒక చిత్రకారుని మూలంగా లోకప్రసిద్ధి పొందింది. ఆయనే ఆన్రి ద తులూజ్-లోత్రెక్.

తులూజ్ నగరాన్ని ఏలిన ప్రభువుల వంశంలోని బొదువాన్ 1196లో లోత్రెక్ సంస్థాన వారసురాలిని పరిణయమాడాడు. వారి సంతతికి ఆ రెండు ఊళ్ల పేర్లూ కలిసి ఇంటిపేరుగా స్థిరపడ్డాయి. అట్టి ప్రాచీన వంశంలో, 1864 నవంబరు 24న, ఆల్బి పట్టణంలో ఆన్రి జన్మించాడు. తమ్ముడు పసితనంలోనే మరణించడంతో వంశగౌరవమంతా ఇతనిపైనే నిలిచింది.

విధి వేరొక విధంగా తలచింది. 1878లో ఒక తొడ ఎముక, మరుసటి ఏడు రెండవ తొడ ఎముక విరిగాయి. ఆపై కాళ్లు ఎదగలేదు. వేటకూ గుర్రపుస్వారీకీ దూరమైన ఆ బాలుడు మంచం మీదనే బొమ్మలు గీయసాగాడు. తల్లి అదేల్ అతనికి అండగా నిలిచింది.

1882లో ఆయన పారిస్ చేరి చిత్రకళను అభ్యసించాడు. ప్రభువంశపు పేరు బజారు బొమ్మలపై కనిపించడం తండ్రికి రుచించలేదు. అందువల్ల కొంతకాలం ఆయన లోత్రెక్ అనే పేరును తిరగవేసి త్రెక్‌లో అని సంతకం చేశాడు. కాని ఏ ఊరిపేరు తన వంశానికి గుర్తో, దానిని దాచి బ్రతకడం ఆయనకు ఎంతోకాలం సాధ్యపడలేదు. ఆ మారుపేరును విడిచి, సొంత పేరుతోనే లోకం ముందు నిలిచాడు. 1891లో మూలాన్ రూజ్ నాట్యశాల కోసం ఆయన రచించిన గోడపత్రిక పారిస్ వీధులలో వెలసి, ఒక్కమారుగా ఆయన కీర్తిని చాటింది. నర్తకీమణులను, గాయకులను, సంఘం చిన్నచూపు చూసిన స్త్రీలను ఆయన అపహాస్యం చేయక, ఉన్నవారిని ఉన్నట్లుగా చిత్రించాడు.

మద్యపానం ఆయన ఆరోగ్యాన్ని హరించింది. 1899లో చికిత్సాలయంలో ఉన్నప్పుడు సర్కసు దృశ్యాలను జ్ఞాపకం నుండే గీసి, తన బుద్ధి చెక్కుచెదరలేదని నిరూపించుకున్నాడు. 1901 సెప్టెంబరు 9న, 36 ఏళ్ల వయస్సులో, తల్లి చెంతనే కన్నుమూశాడు.

ఆయనకు సంతానం లేదు. తల్లి సమర్పించిన చిత్రాలతో 1922లో ఆల్బిలోని పూర్వపు మతగురువుల భవనంలో ఆయన పేరిట ప్రదర్శనశాల వెలసింది. ఏ పేరుకు మచ్చ వస్తుందని పెద్దలు శంకించారో, ఆ పేరును నేడు ప్రపంచం స్మరించేది ఆయన బొమ్మల వల్లనే.