మూడు రోజులకొక సభ... మాటతో జాతిని లేపిన భాగ్యరెడ్డివర్మ

విజయవాడ రోడ్డున హయత్‌నగర్ మీదుగా వచ్చినా, సాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చినా మన పల్లెల బస్సులు ఎల్.బి.నగర్ చౌరస్తాకే చేరుతాయి. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళితే మేడల నిండా కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఇంగ్లీషులో మాట్లాడడం, ఇంటర్వ్యూలో తడబడకుండా జవాబివ్వడం నేర్పుతామనే బోర్డులూ వాటిలో ఉంటాయి. పల్లె పిల్లలకు పుస్తకం కన్నా ఇదే పెద్ద గండం. విషయం తెలిసే ఉంటుంది. నలుగురిలో లేచి నిలబడితే మాత్రం గొంతు పెగలదు.

అదే బస్సులో ఇంకొంత ముందుకు పోతే మలక్‌పేట వస్తుంది. చాదర్‌ఘాట్ వద్ద మూసీ దాటాక, కోఠి చేరేలోగా ఇసామియా బజారు. నూరేళ్ల పైమాట. నోరెత్తడమే నేరమన్న జనంలో పుట్టి, మాటనే ఆయుధం చేసుకున్న ఒక మనిషి అక్కడ బడి పెట్టాడు. ఆయనే మాదరి భాగ్యరెడ్డివర్మ.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో మాల కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. కుటుంబ గురువు ఆ పేరును భాగ్యరెడ్డి చేశారు. వర్మ అనే బిరుదు తర్వాత ఆర్యసమాజం వారిచ్చినది. కలిగిన ఇల్లు కాదు. చిన్న వయసులోనే ఒక క్రైస్తవ బారిస్టరు ఇంట పనికి కుదిరారు. ఆ ఇంట్లో దొరికిన చదువే ఆయనకు దారి చూపింది.

అంటరానివారిగా బతికే జనం పెద్దకులాల ముందు చేతులు కట్టుకుని నిలబడవలసిన రోజులవి. సభలో లేచి మాట్లాడడమన్నది వారి ఊహకే అందదు. చదువుకున్న పెద్దలకే అది తేలిక కాదు. 1921లో ఇదే నగరంలో, వివేకవర్ధని హాలులో సంఘసంస్కార మహాసభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆయన మాట సాగనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. వకీలుకే ఆ గతి పడితే వెట్టి చేసేవాడి సంగతి చెప్పాలా?

భాగ్యరెడ్డివర్మ ఒక్కసారిగా పెద్ద వేదిక ఎక్కలేదు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు. తన జనం ఇష్టపడేవి హరికథలు, భజనలు. వాటితోనే మొదలుపెట్టారు. భజనకు కూడినవారికి తాగుడు వల్ల వచ్చే నష్టం, బాల్య వివాహాల కీడు, ఆడపిల్లలను దేవుడి పేరున జోగినులుగా విడిచే దురాచారం, చదువు అవసరం వివరించేవారు. ఇంటి ముందు, బస్తీ నడుమ, తనవారి మధ్య ఆ నోరు అలవాటుపడింది. 1911లో ఆ మండలి మాన్యసంఘమైంది. అంటరానివారన్న వారికి మాన్యులన్న పేరు పెట్టడంలోనే ఆయన చెప్పదలచినది ఉంది.

1917 నవంబరులో బెజవాడలో ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డివర్మ. దూరదూరాల నుంచి వచ్చిన ప్రతినిధుల ముందు ఆయన సభ పేరునే ప్రశ్నించారు. శాస్త్రాలలో ఉన్నవి నాలుగు వర్ణాలే, అయిదోది ఎక్కడినుంచి వచ్చిందన్నది ఆయన వాదన. ఈ నేలకు తామే మొదటివారమని, కాబట్టి ఆదివాచకం తమకే చెల్లుతుందని వివరించారు. ఆ సభలోనే పంచమ పోయి ఆది ఆంధ్ర వచ్చింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును అంగీకరించింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో ఆది హిందువులన్న పేరు ఎక్కింది. తల వంచుకు పిలిపించుకున్న పేరు పోయి, తల ఎత్తుకు చెప్పుకునే పేరు వచ్చింది. దానికి నాంది ఒక ఉపన్యాసం.

1930లో జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. భాగ్యరెడ్డివర్మ పాల్గొనడం కొందరు సనాతనులకు నచ్చలేదు. అయినా ఆయన వెనుదీయలేదు. అంటరానితనం సంగతి ఆ పెద్దల సభలోనే ఎత్తారు. అదే ఏడు లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ సభకు ఆయనే అధ్యక్షుడు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో అంబేద్కర్ ప్రాతినిధ్యాన్ని ఆ సభ బలపరచింది.

పాతికేళ్లలో ఆయన 3,348 ఉపన్యాసాలు ఇచ్చారని జీవిత చరిత్రకారులు లెక్క చెబుతారు. సగటున మూడు రోజులకొకటి కన్నా ఎక్కువే. ఒకనాటి వరం కాదది, మానని సాధన.

అయితే ఉత్త మాటలే అయితే జనం ఎన్నాళ్లు వింటారు? చదువుకోమని చెప్పిన మనిషి 1910 నుంచే ఇసామియా బజారు, లింగంపల్లిలలో బడులు తెరిచారు. రాజ్యమంతా ఉర్దూ చెల్లుబాటయ్యే కాలంలో తెలుగులో చదువు చెప్పించారు. అవి పెరిగి 26 పాఠశాలలయ్యాయి. 2,500 మంది దాకా పిల్లలు చదువుకున్నారు. 1931 నుంచి భాగ్యనగర్ పత్రిక నడిపారు. వెట్టి బతుకు మీద రచన కూడా అందులో సాగించారు. చెప్పినదానికి చేసినది సాక్ష్యంగా ఉండబట్టే ఆయన మాటకు బరువు వచ్చింది.

1939 ఫిబ్రవరి 18న, 51వ ఏట ఆయన కన్నుమూశారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫీజు కట్టి నేర్చుకోవడం తప్పు కాదు. అందుకు స్తోమత లేనివారు మాత్రం అధైర్యపడనక్కరలేదు. భజన మందిరం ఉంది, యువజన సంఘం ఉంది, గ్రామసభ ఉంది. మొదట తనవారి మధ్య, తెలిసిన సంగతి, తెలిసిన భాషలో చెప్పి చూడాలి. ఊరికి తాగునీరు కావాలన్నా, బడికి పంతులు కావాలన్నా ఎవరో ఒకరు లేచి అడగాలి. కాళ్లు వణికినా సరే. భాగ్యరెడ్డివర్మ మొదలుపెట్టింది భజనలతోనే గదా!