పొట్టి రాత నుంచి పూర్తి మాట దాకా: బ్రౌన్ దొర



మీ పిల్లల మెసేజ్‌లు చూసే ఉంటారు. గ్రేట్ అనే మాటకు చివర 8 అంకె, సీ యూ అనడానికి రెండే అక్షరాలు. ఆ పొట్టి రాతను పూర్తి ఇంగ్లిష్‌గా ఫోనే మార్చేస్తోంది. ఇలాంటి పనినే మన సీమలో ఒకాయన యంత్రం లేకుండా చేశారు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. 1817లో ఉద్యోగానికి మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1820లో కడపకు వచ్చారు. మన పక్కనున్న మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాకే ఇటు కలిసింది.

అప్పటి పుస్తకాలు తాటాకుల మీద ఉండేవి. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. నకలు రాసినవారి తప్పుల వల్ల ఒకే పద్యం ఒక్కో ప్రతిలో ఒక్కోలా కనిపిస్తుంది. బ్రౌన్ తన జీతం డబ్బుతో కడపలో పండితులను పెట్టుకున్నారు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పద్యం పద్యం పోల్పించి, తేడాలు రాయించి, ఆ తర్వాతే శుద్ధప్రతి తయారు చేయించారు. ఇందుకోసం అప్పులు కూడా చేశారు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లిష్ అనువాదంతో అచ్చు వేయించారు. 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారు.

ఆయన వాడుక రాతను చిన్నచూపు చూడలేదు. మామూలు జనం రాసుకున్న ఉత్తరాలను ఇంగ్లిష్ అనువాదంతో, వివరణలతో అచ్చు వేశారు. కచేరీల్లో వినిపించే ఉర్దూ, పారసీ, ఇంగ్లిష్ మాటలకు 1854లో విడిగా మరో నిఘంటువు చేశారు. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి, లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించి, 1884లో కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది.

ఆయన జీవితం మనకు చెప్పేది ఒక్కటే. అక్షరాలు నింపడం తేలికే. ఏ అర్థంతో రాశారో తేల్చుకోవడమే అసలు చదువు. ఎల్‌ఓఎల్ అంటే కొందరికి పగలబడి నవ్వడం, కొందరికి బోలెడంత ప్రేమ. ఎవరో పోయారన్న మెసేజ్‌కు జవాబుగా అది వెళ్తే ఫోన్‌కు ఏమీ అనిపించదు. మనిషికే మనసు చివుక్కుమంటుంది. పరీక్ష పేపర్ మీద అయితే సాయానికి ఆ ఫోన్ కూడా ఉండదు.

అందుకని పొట్టి రాత రాశారని పిల్లలను తిట్టకండి. ఈ ఆదివారం వాళ్ల మెసేజ్‌లు ఐదింటిని నోటుపుస్తకంలో పూర్తి వాక్యాలుగా రాయమనండి. తర్వాత ఫోన్ మార్చినదాన్ని పక్కన పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో, ఏది సరైందో, ఎందుకో వాళ్లనే చెప్పమనండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు. ఎందుకు అని అడిగితే చాలు. బ్రౌన్ దొర తన పండితులతో చేయించింది ఆ పనే.