లెక్క వదలని నెట్టీ స్టీవెన్స్

ముప్పై అయిదేళ్ళ వయసులో కాలేజీలో చేరతానంటే ఎవరైనా నవ్వుతారు. నెట్టీ స్టీవెన్స్ చేరింది! 1861లో అమెరికాలోని వెర్మాంట్‌లో పుట్టి, టీచరుగా, లైబ్రేరియన్‌గా పనిచేసి, డబ్బు కూడబెట్టుకుని 1896లో స్టాన్‌ఫర్డ్‌లో అడుగుపెట్టింది. 1903లో బ్రిన్ మార్ కళాశాల నుంచి డాక్టరేటు అందుకుంది.

ఆమె సూక్ష్మదర్శిని కింద పెట్టింది పిండిలో పట్టే పురుగుని. ఆడపురుగు కణాల్లో 20 పెద్ద క్రోమోజోములు. మగపురుగులో 19 పెద్దవి, ఒకటి చిన్నది. చిన్నదే కదా అని ఆమె వదిలెయ్యలేదు. అది చేరిన శుక్రకణం వల్ల మగ, దాని బదులు పెద్దది చేరిన శుక్రకణం వల్ల ఆడ పుడతాయని 1905లో తేల్చింది. అదే ఏడు విల్సన్ కూడా విడిగా ఈ దారికే వచ్చాడు; పేరు మాత్రం చాలాకాలం ఆయనకే ఎక్కువ దక్కింది.

1908లో డయాబ్రోటికా అనే పెంకుపురుగుల్లో మరో చిక్కు: ఒకే జాతిలో కొన్నింటికి లెక్కకు మించిన క్రోమోజోములు! వాటినీ వదలకుండా రాసిపెట్టింది. ఇలాంటివాటిని మొక్కజొన్నలో చూసి 1928లో రాండాల్ఫ్ ‘బి క్రోమోజోములు’ అని పేరుపెట్టాడు. తర్వాత అడవి ఎలుకల్లోనూ దొరికాయి. తూర్పు ఆసియాలోని అపోడెమస్ పెనిన్సులే ఎలుకకి మామూలుగా 48 క్రోమోజోములు. అదనపువి ఒక్కొక్కదానికి ఒక్కో లెక్క. అవి లేని ఎలుకా హాయిగానే బతుకుతుంది!

బ్రిన్ మార్ ఆమెకోసం పరిశోధక ఆచార్య పదవి ఏర్పరచింది. అందులో చేరకముందే, 1912 మే 4న, క్యాన్సర్ ఆమెని తీసుకుపోయింది. డాక్టరేటు తర్వాత దక్కింది తొమ్మిదేళ్ళే.

మిత్రులారా! రేపు ప్రాక్టికల్స్‌లో స్లయిడు లెక్క పుస్తకంతో కుదరకపోతే పక్కవాడి రికార్డు చూసి దిద్దకండి. మళ్ళీ లెక్కపెట్టండి.