రాళ్లను చదివిన వ్యాపారి – జేమ్స్ ఫెర్గుసన్

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు అడిగారు. పింఛను సవరణ గురించీ, కరువు భత్యం బకాయిల గురించీ నాకంటె బాగా వ్రాయగల మిత్రులు మనలో ఉన్నారు. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ నిర్మాణ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా టి-స్క్వేరు పట్టుకుని బతికినవాణ్ణి కాబట్టి, నా చేతికి అలవాటైన విషయమే ఎంచుకున్నాను. ప్రపంచంలోని అన్ని దేశాల కట్టడాలనూ ఒకేచోట చేర్చి చరిత్ర వ్రాసిన తొలితరం వారిలో ఒకరైన జేమ్స్ ఫెర్గుసన్ జీవితాన్ని నాకు తెలిసినంత మేరకు మీ ముందు ఉంచుతాను. ఆయన గురించి ఇప్పుడే ఎందుకు వ్రాయాలనిపించిందో చివర మనవి చేసుకుంటాను.

ఫెర్గుసన్ 1808 జనవరి 22న స్కాట్లండ్‌లోని ఎయిర్ అనే ఊళ్లో జన్మించారు. తండ్రి సైన్యంలో శస్త్రవైద్యుడు. ఎడింబరోలోనూ, తర్వాత లండన్ దగ్గరా బడి చదువు అయింది. కాలేజీ గడప తొక్కలేదు, వాస్తువిద్య ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అన్నగారు భాగస్వామిగా ఉన్న కంపెనీలో పని చేయడానికి చిన్న వయసులోనే ఓడ ఎక్కి కలకత్తా చేరారు. కొంతకాలానికి సొంతంగా నీలిమందు ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి, ఇక జీవితాంతం వ్యాపారం చేయకపోయినా గడిచిపోయేంత సొమ్ము మిగిలింది.

ఆ సొమ్ము ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. బెంగాలులో రైతుల చేత బలవంతాన నీలి పంట వేయించి, గిట్టని ధరకు కొన్న వ్యాపారం అది. ఆ బాధ భరించలేకనే 1859లో అక్కడి రైతులు తిరగబడ్డారు. అప్పటికి ఫెర్గుసన్ ఆ వ్యాపారం వదిలి చాలా ఏళ్లయింది. అయినా ఆయన చదువుకు పెట్టుబడి అక్కడి నుంచే వచ్చిందన్నది మరువరాదు.

మనకు అరవై దగ్గరపడ్డాక వచ్చే విశ్రాంతి ఆయనకు ముప్పై దాటుతూనే వచ్చిందన్నమాట. దాన్ని ఎలా వాడుకున్నారన్నదే ఈ కథ. 1835 నుంచి 1842 వరకు వీలు దొరికినప్పుడల్లా ఆయన దేశం మీద పడ్డారు. రైళ్లు లేవు, సరైన బాటలు లేవు. పల్లకీలోనూ గుర్రం మీదా సాగుతూ గుడులు, గుహలు, మసీదులు, కోటలు చూస్తూ తిరిగారు. ఆయన వెంట కెమెరా లూసిడా అనే చిన్న పరికరం ఉండేది. పేరులో కెమెరా ఉన్నా అది ఫోటో తీయదు. చిన్న కమ్మీకి బిగించిన గాజు పట్టకం అది. దానిలోకి కన్నుపెట్టి చూస్తే ఎదుటి కట్టడం కింద ఉన్న కాగితం మీద పడినట్లు కనిపిస్తుంది. ఆ గీతల మీదుగా పెన్సిలు నడిపిస్తే కొలత తప్పని బొమ్మ వస్తుంది. ట్రేసింగు కాగితం మీద పనిచేసిన మా వాళ్లకు ఆ సుఖం ఏమిటో వెంటనే అర్థమవుతుంది.

1839లో ఆయన అజంతా చూశారు. అజంతా, ఎల్లోరా, కార్లే వంటి గుహాలయాలను వరుసగా చూస్తూ పోయేసరికి ఆయనకొక సంగతి తట్టింది. కార్లే చైత్యగృహం కప్పు చూడండి. కొండను తొలిచిన గుహలో కప్పును మోయడానికి వాసాలు అవసరమే లేదు. అయినా అక్కడ వంపు తిరిగిన వాసాల వరుస ఉంది. అంటే ఆ శిల్పుల తాతలు కొయ్యతో కట్టేవారు, మనుమలు రాతికి మారినా కొయ్యపనిని మరిచిపోలేదు. ఏ గుహలో కొయ్యపోకడ ఎక్కువ ఉంటే అది అంత పాతది, ఏది రాతికి తగినట్లుగా మారితే అది అంత కొత్తది. స్తంభం ఆకారాన్ని బట్టి, నగిషీని బట్టి కట్టడాలను ముందూ వెనుకా పేర్చవచ్చునని ఆయన గ్రహించారు. పుస్తకాల్లో వ్రాతగాళ్లు ఏమైనా కలపవచ్చు గాని కట్టిన రాయి తన కాలాన్ని దాచలేదన్నది ఆయన నమ్మకం.

లండన్ తిరిగి వెళ్లి, 1843లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ సభలో గుహాలయాల మీద వ్యాసం చదివారు. ఇవి పాడైపోతున్నాయి, పూర్తిగా పోకముందే బొమ్మలు తీయించండని ఆయనా సొసైటీవారూ పట్టుబట్టడంతో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు కదిలారు. మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్ అనే అధికారిని 1844లో అజంతా చిత్రాలకు నకళ్లు తీయడానికి నియమించారు. గిల్ ఏళ్ల తరబడి శ్రమపడి తీసిన ఆ నకళ్లలో చాలా భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఎంత కాపాడినా పోయేవి పోతాయి, అసలు కాపాడకపోతే ఏమీ మిగలదు.

తర్వాత ఆయన చూపు ప్రపంచం మీదికి మళ్లింది. 1855లో అన్ని దేశాల వాస్తురీతుల మీద బొమ్మలతో ఒక చేతిపుస్తకం ప్రకటించారు. దాన్ని పెంచి 1865, 1867 సంవత్సరాల్లో ప్రపంచ వాస్తు చరిత్రగా తెచ్చారు. ఈజిప్టు పిరమిడ్లు, అసీరియా రాజభవనాలు, గ్రీకుల ఆలయాలు, రోమనుల కమానులు, మధ్యయుగపు చర్చీలు, మసీదులు, మెక్సికో, పెరూ దేశాల కట్టడాలు అన్నీ అందులో చోటు చేసుకున్నాయి.

ఆ పుస్తకాల వెనుక ఒక వాదం ఉంది. కట్టడాలు రెండు రకాలని ఆయన అన్నారు. తమ అవసరానికి, తమ దగ్గరున్న సామగ్రికి తగినట్లు జనం తరతరాలుగా దిద్దుకుంటూ వచ్చినవి నిజమైన రీతులు. పాతవాటిని చూసి పైపైన అతికించుకున్నవి అనుకరణలు. ఈ లెక్కన తన కాలంలో ఐరోపాలో లేస్తున్న గ్రీకు స్తంభాల బ్యాంకులు, గోతిక్ శిఖరాల భవనాలు అనుకరణలే అయ్యాయి. భారతదేశంలో మాత్రం ఇంకా సంప్రదాయం తెలిసిన పనివారు కడుతూ ఉన్నారనీ, బతికున్న వాస్తువు ఎలా ఉంటుందో వారిని చూసి నేర్చుకోవచ్చుననీ ఆయన భావించారు. లండన్‌లో కూర్చుని ఆ మాట అనడం చిన్న విషయం కాదు. ఆయన పోయిన తర్వాత పేరు తెచ్చుకున్న బానిస్టర్ ఫ్లెచర్ పుస్తకం 1901 నాటి కూర్పులో భారత, చైనా, జపాన్ రీతులను చరిత్రలో భాగం కాని రీతులని వేరే పెట్టింది. ఫెర్గుసన్ మాత్రం 1876లోనే భారత, ప్రాచ్య దేశాల వాస్తువుకు ఒక సంపుటం మొత్తం కేటాయించారు. ఓరుగల్లు కీర్తి తోరణాలు, హనుమకొండ వేయిస్తంభాల గుడి, తాడిపత్రి గోపురాల రాతిపని అందులో ఉన్నాయి.

ఉద్యోగాలూ చేశారు. 1856 నుంచి 1858 వరకు క్రిస్టల్ ప్యాలెస్ కంపెనీకి జనరల్ మేనేజరు. 1869లో ప్రభుత్వ కట్టడాల శాఖలో కొంతకాలం పనిచేశారు. చదువుకున్న వాస్తుశిల్పి కాకపోయినా, బ్రిటిష్ వాస్తుశిల్పుల సంస్థ 1871లో ఆయనకు స్వర్ణపతకం ఇచ్చింది.

ఇక మన తెలుగువారికి దగ్గరైన ఘట్టం. కృష్ణ ఒడ్డున అమరావతిలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు 18వ శతాబ్దం చివర కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు, రాయి కోసం ఒక దిబ్బను తవ్వారు. అది బౌద్ధ మహాస్తూపం. శిల్పాలు చెక్కిన పలకలు కొన్ని గోడల్లోకీ మెట్లలోకీ వెళ్లాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలాయి. కాలిన్ మెకంజీ 1797 ప్రాంతంలో చూసి, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించారు. మెకంజీకి కుడిభుజంగా నిలిచిన కావలి సోదరులు మన తెలుగువారే. 1845లో వాల్టర్ ఇలియట్ మరికొన్ని పలకలు తవ్వించి మద్రాసుకు పంపారు. వాటిలో వందకు పైగా 1859లో ఓడ మీద లండన్ చేరాయి. చేరాక వాటిని పట్టించుకున్నవారు లేరు.

1867లో ప్యారిస్ ప్రదర్శనకు భారతీయ కట్టడాల ఫోటోలు సమకూర్చే పని ఫెర్గుసన్‌కు అప్పగించారు. ఆ వెదుకులాటలో ఫైఫ్ హౌస్ అనే భవనం బండ్లసాలలో పడి ఉన్న అమరావతి శిల్పాలు ఆయన కంటబడ్డాయి. వాటిని బయటికి తీయించి, ఫోటోలు తీయించి, మెకంజీ గీయించిన బొమ్మలతో ఒక్కొక్క పలకనూ సరిపోల్చి, ఏది ప్రాకారంలో ఎక్కడ నిలిచేదో పేర్చి చూశారు. 1868లో సాంచీ, అమరావతి శిల్పాల మీద పెద్ద గ్రంథం ప్రచురించారు. కట్టడం పోయినా, గీసిన బొమ్మ ఉన్నందువల్లనే అది సాధ్యమైంది. 1880లో ఆ శిల్పాలు బ్రిటిష్ మ్యూజియం చేరాయి. నేటికీ అక్కడ వాటికి ప్రత్యేకమైన గది ఉంది. అవి ఉండవలసిన చోటు అదేనా అన్న ప్రశ్న మన మనసులో ఉండనే ఉంటుంది.

ఆయన తప్పులు కూడా చెప్పకపోతే ఈ వ్యాసం స్తోత్రం అవుతుంది. రాయిని మాత్రమే నమ్మి అమరావతి ప్రాకారాన్ని క్రీ.శ. 4వ శతాబ్దానికి తెచ్చారు. తర్వాత దొరికిన శాసనాలు అది శాతవాహనుల నాటిదని తేల్చాయి. జెరూసలేంలోని రాతి గుమ్మటాన్ని రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కట్టించాడని చెప్పి, ఎందరు కాదన్నా వదల్లేదు. కట్టడాన్ని చూసి జాతి గుణం చెప్పవచ్చుననీ, జాతుల్లో ఎక్కువ తక్కువలున్నాయనీ నమ్మారు. ఆ లెక్కలేవీ ఇవాళ నిలవవు.

అన్నిటికంటె బాధ కలిగించేది రాజేంద్రలాల్ మిత్రా గారి విషయం. కలకత్తాలో వార్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ డైరెక్టరుగా పనిచేస్తూ ఒరిస్సా ఆలయాల మీద గొప్ప గ్రంథం వ్రాసిన పండితుడాయన. భారతీయులు రాతి కట్టడం అశోకుని కాలంలో గ్రీకుల సంపర్కంతో మొదలుపెట్టారన్న ఫెర్గుసన్ వాదాన్ని మిత్రా గారు ఆధారాలతో కాదన్నారు. ఫెర్గుసన్ 1884లో ఆయన మీద ఒక పుస్తకమే వ్రాసి, వాదంతో ఆగకుండా, తెల్లవారిని విచారించే అధికారం భారతీయ న్యాయాధికారులకు ఇవ్వవచ్చునా అన్న నాటి రాజకీయ వివాదంలోకి కూడా మిత్రా గారిని లాగారు. మరుసటి ఏడాదే మిత్రా గారు ఏషియాటిక్ సొసైటీకి తొలి భారతీయ అధ్యక్షులయ్యారు. కాలమే జవాబు చెప్పింది.

మన పక్షాన తలచుకోవలసిన మరో పేరు రామ్ రాజ్. తంజావూరులో పుట్టి, మద్రాసులో గుమాస్తాగా జీవితం మొదలుపెట్టి, బెంగుళూరులో న్యాయాధికారి అయినవారు. మానసారం వంటి శిల్పశాస్త్రాలను పరిశోధించి హిందూ వాస్తువు మీద ఆయన వ్రాసిన గ్రంథం ఆయన కన్నుమూశాక 1834లో లండన్‌లో అచ్చయింది. ఫెర్గుసన్ శాస్త్రాలకు అంత విలువ ఇవ్వలేదు. రాయి ఒకరు, శాస్త్రం ఒకరు చదివారు. రెండూ కలిస్తేనే పూర్తి చదువు.

ఫెర్గుసన్ 1886 జనవరి 9న లండన్‌లో కన్నుమూశారు. అప్పటికి డెబ్బై ఎనిమిదో ఏడు నిండబోతోంది. 1876 నాటి ఆయన గ్రంథాన్ని ఇతర పండితులు సవరించి, పెంచి 1910లో మళ్లీ అచ్చు వేశారు.

ఇక నా సంగతి. ఈ వ్యాసం చిత్తుప్రతి చూసిన ఒక మిత్రుడు, మన పండితుణ్ణి అవమానించిన దొర గురించి మన సంచికలో ఎందుకని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పుకున్న జవాబు ఇది.

1970లలో ఒక రోడ్డు వెడల్పు పనిలో నన్ను కొలతలకు పంపారు. దారికి అడ్డంగా పాత రాతి మండపం, పదహారు స్తంభాలు. టేపు పట్టి పొడవు, వెడల్పు, ఎత్తు వేసి, రాయి ఎన్ని ఘనపు మీటర్లు వస్తుందో లెక్క కట్టాను. ఆ రాయి దగ్గర్లోని కల్వర్టుకు సరిపోతుందని రిపోర్టులో వ్రాశాను. స్తంభాల మీద నర్తకులున్నారు, హంసల బారులున్నాయి. నా సంచీలో పెన్సిలు ఉంది, కాగితం ఉంది, ఆ సాయంత్రమంతా ఖాళీయే. ఒక్క స్తంభం బొమ్మ కూడా గీయలేదు. గీయమని ఎవరూ అడగలేదు, గీయవద్దని కూడా ఎవరూ అనలేదు. నెల తర్వాత వెళ్తే మండపం లేదు. మొన్న మా మనవరాలు కాలేజీ పనికోసం ఆ ఊరి పాత కట్టడాల గురించి అడిగితే, పదహారు స్తంభాలని మాత్రం చెప్పగలిగాను. హంసలు ఎటు చూస్తున్నాయో గుర్తు లేదు.

ఫెర్గుసన్ జాతి లెక్కలు తప్పని చెప్పడం నాకు సులువు. ఆయన మండుటెండలో కూర్చుని గీసిన చోట నేను నీడలో కూర్చుని గీయలేదని ఒప్పుకోవడమే కష్టంగా ఉంది.

మన సభ్యుల్లో సర్వేయర్లు, ఓవర్సీయర్లు, ఉపాధ్యాయులు, రెవెన్యూ వారు ఉన్నారు. ప్రతివారి స్వగ్రామంలో ఒక పాత బావో, సత్రమో, మండువా ఇల్లో ఇంకా నిలిచి ఉంటుంది. వెళ్లినప్పుడు కొలిచి ఒక బొమ్మ గీయండి. చేయి వణికితే మనవల సెల్‌ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు తీయించి, ఎవరు కట్టించారో పెద్దలు చెప్పింది వెనుక వ్రాసి పెట్టండి. అలాంటివి సంఘం కార్యాలయానికి చేరిస్తే ఒక బీరువా కేటాయిస్తామని కార్యదర్శి గారు మాట ఇచ్చారు. మా ఊరి దిగుడుబావి కొలతలు, నాలుగు బొమ్మలు ఈ వ్యాసంతో పాటే వారికి అందజేశాను. మిగిలినవి మీ నుంచి రావాలి.